ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కొంటున్నారా..? ఆగండి! స్టూడెంట్ రీసెర్చ్, పేపర్లు, పేటెంట్ల గురించి తెలుసుకోవాల్సిన విషయాలివే

ఫైనల్ ఇయర్ వచ్చిందంటే చాలు.. బీటెక్ బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. "ప్రాజెక్టు ఎక్కడ తీసుకుంటున్నార్రా?" గమనించారా? ఎవరూ "ఏం చేస్తున్నారు" అని అడగరు. "ఎక్కడ తీసుకుంటున్నారు" అనే అడుగుతారు. బేస్ పేపర్, కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు.. అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ గల్లీలోకి వెళ్లినా ఈ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. బ్యాచ్‌లో నలుగురు తలా కొంత వేసుకుంటే పని అయిపోతుంది.

మార్కులు వస్తాయి. డిగ్రీ కూడా వస్తుంది. కానీ ఇంటర్వ్యూలో "ఈ ప్రాజెక్టులో మీ పార్ట్ ఏంటి?" అని ఒక్క ప్రశ్న పడితే..? అక్కడ తెలుస్తుంది అసలు నష్టం. మరి సొంతంగా రీసెర్చ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పేపర్ ఎక్కడ వేయాలి? పేటెంట్‌కి ఎంత ఖర్చవుతుంది? ఐడియా మనదైతే హక్కు కూడా మనదేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు

* టాపిక్ వేరు, ప్రశ్న వేరు. కొలవగలిగే ప్రశ్న ఉంటేనే రీసెర్చ్ మొదలైనట్టు.
* ఐడియా డెమో వీడియోను ఇన్‌స్టా, యూట్యూబ్‌లో పెట్టేశాక పేటెంట్‌కి వెళ్తే చిక్కులు తప్పవు.
* పేటెంట్ "పబ్లిష్" అవ్వడం అంటే పేటెంట్ వచ్చినట్టు కాదు.
* వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే పేటెంట్ ఫైలింగ్ ఫీజు 1600 రూపాయల నుంచే మొదలు.
* ప్రభుత్వ కాలేజీల విద్యార్థులకు వేల అంతర్జాతీయ జర్నల్స్ ఇప్పుడు ఉచితం.

స్టూడెంట్లు కూడా రీసెర్చ్ చేయగలరా?

"అదంతా పీహెచ్‌డీ వాళ్ల పని" అనుకుంటారు చాలామంది. చరిత్ర చూస్తే మాత్రం అలా లేదు. సర్ సీవీ రామన్ తొలి పరిశోధన పత్రం 1906లో లండన్ నుంచి వచ్చే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయన మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థి. వయసు 18.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ అయితే ఇంకా దగ్గరగా ఉంటుంది. 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఖర్చులకు రాత్రిపూట ఆసుపత్రిలో పని చేస్తూ చదువుకున్నారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. అప్పటికి ఆయనకు పీహెచ్‌డీ రాలేదు. అది వచ్చింది 1930లో. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో దశాబ్దాల పాటు ప్రపంచమంతా ల్యాబుల్లో దాన్ని వాడారు. ఆ కొలిచే పద్ధతి చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని ఆ ల్యాబ్ గుర్తించగలిగింది.

ఇక్కడ పాయింట్ ఏంటంటే.. ఆయన మొదట చేసింది పెద్ద ఆవిష్కరణ కాదు. ఒక విషయాన్ని సరిగ్గా కొలవడం. అంతే. పెద్దవి ఆ తర్వాత వచ్చాయి.

ఇదంతా పాత కాలం సంగతి అంటారా? 2010 జులై 12న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ15 గుర్తు చేసుకోండి. అందులో వెళ్లిన స్టడ్‌శాట్ ఉపగ్రహం బరువు కిలో కన్నా తక్కువ. దాన్ని తయారు చేసింది ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు. నాలుగు బెంగళూరువి, మూడు హైదరాబాద్‌వి. అందరూ బీటెక్, బీఈ చదివేవాళ్లే.

టాపిక్ కాదు.. ప్రశ్న కావాలి

గైడ్ దగ్గరికి వెళ్లి "సార్, స్మార్ట్ అగ్రికల్చర్ మీద చేస్తాం" అంటారు. అది టాపిక్. దాని మీద వెయ్యి ప్రాజెక్టులు ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటాయి. ప్రశ్న అంటే ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కల్లాలు మీరు చూసే ఉంటారు. కాయలను నేల మీద ఆరబోస్తారు, కొందరు టార్పాలిన్ మీద పోస్తారు. "నేల మీద పోసిన కాయ, టార్పాలిన్ మీద పోసిన కాయ.. రెండింట్లో ఏది ముందు ఆరుతుంది? ఎన్ని రోజులు తేడా?" ఇదీ ప్రశ్న. దీనికి కావాల్సింది ఒక తూకం, ఒక థర్మామీటర్, ఓపిక.

ఎలా చేయాలి? ఒకే చేలో, ఒకే రోజు కోసిన కాయను సమాన బరువుతో భాగాలు చేయాలి. కొన్ని నేల మీద, కొన్ని టార్పాలిన్ మీద పోయాలి. ఒక్కో పద్ధతికి కనీసం మూడు కుప్పలు ఉండాలి. ఒక్క కుప్పే పెడితే వచ్చిన తేడా పద్ధతి వల్లా, లేక ఆ కుప్ప మీద నీడ పడటం వల్లా అన్నది తేలదు. రోజూ ఒకే టైమ్‌కి తూకం వేసి రాసుకోవాలి. ఎండ, మబ్బు, మంచు కూడా నోట్ చేయాలి. బరువు తగ్గడం ఆగిపోయిన రోజు ఆరినట్టు లెక్క.

తేడా ఏమీ లేదని తేలిందనుకోండి? అదీ ఫలితమే. "తేడా లేదు" అని లెక్కలతో చెప్పగలిగితే టార్పాలిన్ కొనాలా వద్దా అని ఆలోచించే రైతుకు అది పనికొచ్చే మాట. ప్రాజెక్టు ఫెయిల్ అయిందని భయపడి అంకెలు మార్చేస్తే మాత్రం అక్కడితో రీసెర్చ్ అయిపోయినట్టే.

జర్నల్స్ చదవాలంటే డబ్బులు కట్టాలా?

నిన్నమొన్నటి వరకు ఇదే పెద్ద సమస్య. మంచి పేపర్ దొరికిందని క్లిక్ చేస్తే డాలర్లలో రేటు కనిపించేది. ఐఐటీలు, పెద్ద యూనివర్సిటీలు చందాలు కట్టేవి. మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఆ స్తోమత ఉండేది కాదు.

దీనికి పరిష్కారంగా వచ్చిందే "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్". కేంద్ర కేబినెట్ 2024 నవంబర్ 25న దీనికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు 6000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 పెద్ద పబ్లిషర్లకు చెందిన దాదాపు 13 వేల ఈ-జర్నల్స్ ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు, అధ్యాపకులకు అందుబాటులోకి వచ్చాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే లైబ్రేరియన్‌ని అడగండి. కాలేజీ రిజిస్టర్ అయిందా, మీ లాగిన్ ఎలా తీసుకోవాలి.. ఈ రెండూ తెలుసుకుంటే చాలు.

ప్రైవేటు కాలేజీ వాళ్లకూ దారులున్నాయి. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు "శోధ్‌గంగ" వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. మీ టాపిక్ మీద ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో ఇప్పటికే ఎవరైనా పని చేశారేమో అక్కడ వెతకండి. థీసిస్‌లో రెండో చాప్టర్ చదివితే ఆ సబ్జెక్టులో అప్పటివరకు జరిగిన పని మొత్తం ఒక చోట దొరుకుతుంది.

"వారంలో పేపర్ పబ్లిష్ చేస్తాం".. ఈ మెయిల్ వస్తే జాగ్రత్త

ఇలాంటి మెయిల్స్, టెలిగ్రామ్ మెసేజ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. "డబ్బు కట్టండి, వారంలో ఇంటర్నేషనల్ జర్నల్‌లో మీ పేరు". ఇవే ప్రిడేటరీ జర్నల్స్. పేరులో ఇంటర్నేషనల్ ఉంటుంది కానీ పేపర్‌ని చదివే నిపుణుడే ఉండడు. అసలు జర్నల్‌లో ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు మీ పేపర్ చదివి తప్పులు చెబుతారు. వాటిని సరిదిద్దడానికి నెలలు పడుతుంది. అందుకే వారంలో అయ్యే పని కాదది.

గతంలో ఏ జర్నల్ మంచిదో చెప్పడానికి యూజీసీ-కేర్ లిస్ట్ ఉండేది. 2025లో యూజీసీ దాన్ని ఆపేసింది. జర్నల్‌ను ఎంచుకోవడానికి కొన్ని ప్రమాణాలు మాత్రమే సూచించింది. అంటే ఇప్పుడు చూసుకోవాల్సిన బాధ్యత మీదే. ఈ మూడు చెక్ చేయండి..

* ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్ల పేర్లు వాళ్ల యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో నిజంగా ఉన్నాయా?
* అందులో అచ్చయిన పాత పేపర్లు రెండు చదివితే అర్థవంతంగా ఉన్నాయా?
* ఫీజు ఎంతో ముందే స్పష్టంగా రాశారా, లేక "యాక్సెప్ట్ అయింది, డబ్బు కట్టండి" అని చివర్లో అడుగుతున్నారా?

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు కఠినంగానే ఉన్నాయి. థీసిస్, డిసర్టేషన్‌లలో పోలికలు 10 శాతం వరకు ఉంటే చర్య ఉండదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలుండదు. 60 దాటితే ఆ కోర్సు రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

ఏఐ టూల్స్‌తో రిపోర్టు రాయించేవాళ్లకు ఇంకో మాట. ఈ టూల్స్ అసలు లేని పేపర్లను కూడా ఉన్నట్టుగా రిఫరెన్స్‌లలో రాసేస్తాయి. రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్ అన్నీ నిజంలాగే కనిపిస్తాయి. వెతికితే దొరకవు. తెరిచి చదవని పేపర్‌ని రిఫరెన్స్‌లో పెట్టకండి.

పేటెంట్.. అసలు ప్రాసెస్ ఇదీ

మీ ఐడియా కొత్తదైతే, పరిశ్రమలో వాడదగినదైతే, ఆ రంగం తెలిసినవాళ్లకు ఇట్టే తట్టేది కాకపోతే పేటెంట్‌కి వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. అంతా ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు.

స్టెప్ 1: ముందు వెతకండి. పేటెంట్ ఆఫీస్ వెబ్‌సైట్‌లోని "ఇన్‌పాస్" సెర్చ్ ఉచితం. గూగుల్ పేటెంట్స్ కూడా ఉచితమే.

స్టెప్ 2: ప్రొవిజనల్ స్పెసిఫికేషన్. ఐడియా ఇంకా పూర్తి కాకపోయినా దీన్ని దాఖలు చేయొచ్చు. ఆ రోజు మీ తేదీగా నమోదవుతుంది. వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు 1600 రూపాయలు. 2021లో విద్యాసంస్థలకు కూడా ఫీజును 80 శాతం తగ్గించారు. ఏజెంట్ సాయం తీసుకుంటే ఆ ఖర్చు వేరే.

స్టెప్ 3: 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. గడువు దాటితే ఆ దరఖాస్తు పోయినట్టే.

స్టెప్ 4: సాధారణంగా 18 నెలల తర్వాత దరఖాస్తు పేటెంట్ జర్నల్‌లో పబ్లిష్ అవుతుంది.

స్టెప్ 5: ఎగ్జామినేషన్ కోసం విడిగా అడగాలి. ఇది దానంతట అదే జరగదు! 2024 మార్చి 15 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం గడువు 31 నెలలు. వ్యక్తులకు ఫీజు 4000 రూపాయలు. పరీక్షలో నెగ్గితేనే పేటెంట్ మంజూరవుతుంది. దాఖలు చేసిన తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. స్టెప్ 4కీ స్టెప్ 5కీ మధ్య తేడా తెలియకే "పేటెంట్ సాధించిన విద్యార్థులు" అంటూ ఫ్లెక్సీలు కట్టేస్తున్నారు. పబ్లిష్ అయిందంటే దరఖాస్తు అందరికీ కనిపిస్తోందని మాత్రమే అర్థం. ఫీజు కట్టి ముందే పబ్లిష్ చేయించుకోవచ్చు కూడా. ఎగ్జామినేషన్‌కే వెళ్లని పేటెంట్ రెజ్యూమెలో రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత ఎవరికీ పనికిరాదు. ఎవరైనా "నాకు పేటెంట్ ఉంది" అంటే "గ్రాంట్ అయిందా?" అని అడగండి.

వీడియో పెట్టే ముందు ఒక్క నిమిషం

మీ గాడ్జెట్ పని చేసింది. ఆనందం పట్టలేక వెంటనే రీల్ చేసి పెట్టేశారు. లక్ష వ్యూస్ వచ్చాయి. అంతా బాగానే ఉంది కానీ, పేటెంట్‌కి మొదటి షరతే "కొత్తది" కావడం. దరఖాస్తుకు ముందే అది ఎలా పనిచేస్తుందో మీరే లోకానికి చూపించేస్తే, మీ వీడియోనే మీ దరఖాస్తుకు అడ్డం తిరగొచ్చు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్ లాంటి కొన్ని సందర్భాల్లో చట్టం 12 నెలల వెసులుబాటు ఇచ్చింది. ఇన్‌స్టా రీల్ ఆ లిస్టులో లేదు. కాలేజీ ఫెస్ట్ అయినా, టీవీ ఇంటర్వ్యూ అయినా ఇదే లెక్క. ముందు ప్రొవిజనల్ దాఖలు చేయండి. తర్వాత ఎంత ప్రచారం కావాలంటే అంత చేసుకోండి.

యాప్ చేసినవాళ్లకు మరో గమనిక. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ రాదు. కోడ్‌కి కాపీరైట్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వల్ల ఏదైనా సాంకేతిక ప్రయోజనం కలిగితే దాన్ని ఎలా రాయాలన్నది నిపుణులతో మాట్లాడి తేల్చుకోవాలి.

ఐడియా మీది.. హక్కు ఎవరిది?

గూగుల్ కథ చాలామందికి తెలుసు. కానీ ఆ సెర్చ్‌కి మూలమైన పేజ్‌ర్యాంక్ పేటెంట్ గూగుల్ పేరు మీద లేదు. అది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీది. ఎందుకంటే లారీ పేజ్ అక్కడ రీసెర్చ్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చేసిన పని అది. లైసెన్సు ఇచ్చినందుకు యూనివర్సిటీకి కంపెనీ షేర్లు వచ్చాయి. వాటిని అమ్మితే 33 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

మన దగ్గర దీనికి 2019లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన నేషనల్ ఇన్నోవేషన్ అండ్ స్టార్టప్ పాలసీ ఉంది. కాలేజీ ల్యాబులు, నిధులు గణనీయంగా వాడినా, సిలబస్‌లో భాగంగా చేసినా హక్కు కాలేజీకి, ఆవిష్కర్తలకు ఉమ్మడిగా ఉంటుంది. కాలేజీ వనరులు వాడకుండా, సిలబస్‌తో సంబంధం లేకుండా చేస్తే పూర్తిగా విద్యార్థిదే. అంటే మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఉమ్మడి ఆస్తి కిందికే వస్తుంది. ఫారాల్లో "దరఖాస్తుదారు" కాలేజీ అయినా, "ఆవిష్కర్త" కాలమ్‌లో నిజంగా పని చేసినవాళ్ల పేర్లే ఉండాలి. సంతకం పెట్టే ముందు ఆ కాలమ్ ఒక్కసారి చదవండి. పని చేయనివాళ్ల పేర్లు చేరాయా, చేసినవాళ్ల పేరు జారిపోయిందా చూసుకోండి.

ఇదే పాలసీలో మరో మంచి మాట కూడా ఉంది. స్టార్టప్ పెట్టిన విద్యార్థికి హాజరు తగ్గినా పరీక్షలు రాయనివ్వొచ్చు, చదువుకు విరామం ఇవ్వొచ్చు, ఆ పనికి క్రెడిట్లు ఇవ్వొచ్చు. కానీ ఇది మార్గదర్శకం మాత్రమే. మీ కాలేజీ దీన్ని అమలు చేస్తోందో లేదో ఇన్‌స్టిట్యూషన్స్ ఇన్నోవేషన్ కౌన్సిల్ కోఆర్డినేటర్‌ని అడిగి తెలుసుకోండి.

ఎక్కడెక్కడ అవకాశాలున్నాయి?

* స్మార్ట్ ఇండియా హ్యాకథాన్: 2017 నుంచి జరుగుతోంది. శాఖలు, సంస్థలు ఇచ్చే సమస్యలకు పరిష్కారం చూపాలి. టీమ్‌లో ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ విభాగం ఫైనల్ 36 గంటల పాటు ఆగకుండా సాగుతుంది. ముందు కాలేజీ స్థాయి పోటీలో నెగ్గాలి.

* సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్: దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇస్తాయి. వేసవిలో రెండు నెలల పాటు శాస్త్రవేత్త దగ్గర పని చేయొచ్చు. స్టైపెండ్ ఉంటుంది. వేసవి కోసం దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు. ఏప్రిల్‌లో వెతికితే దొరకదు!

* ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్: ఇంటర్‌లో బోర్డు టాప్ 1 శాతంలో ఉండి బీఎస్సీ లాంటి సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లకు ఏడాదికి 80 వేలు. అందులో 20 వేలు వేసవి రీసెర్చ్ ప్రాజెక్టు కోసమే. ఈ సంగతి తెలియక ఆ భాగం వదిలేసుకునేవాళ్లున్నారు.

* టీ-వర్క్స్, టీ-హబ్: హైదరాబాద్‌లో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ప్రోటోటైప్‌లు తయారు చేసుకునే చోటు. మెషీన్లు, వాటిని నడిపేవాళ్లు అక్కడే ఉంటారు. 2015లో మొదలైన టీ-హబ్ స్టార్టప్‌లకు అండగా ఉంటుంది.

* రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్: ఏపీలో 2025 ఆగస్టులో ప్రారంభమైంది. ప్రధాన కేంద్రం అమరావతి ప్రాంతంలో ఉంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురం అనుబంధ కేంద్రాలు.

* ఇంటింటా ఇన్నోవేటర్: తెలంగాణలో 2019 నుంచి పంద్రాగస్టు సందర్భంగా జిల్లాల్లో జరుగుతున్న ప్రదర్శన. పెద్ద డిగ్రీలు అక్కర్లేదు.

* నాలుగేళ్ల డిగ్రీ: మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుంటే నాలుగో ఏడాది "ఆనర్స్ విత్ రీసెర్చ్" తీసుకోవచ్చు. 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టు ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత వస్తుంది. జేఆర్‌ఎఫ్ సాధిస్తే నెలకు 37 వేలు ఫెలోషిప్.

కొంటే పోయేది డబ్బులేనా?

పేరెంట్స్‌కి కూడా ఒక మాట. "ప్రాజెక్టుకి డబ్బులు కావాలి" అని పిల్లలు అడిగితే తిట్టకండి. ఏం కొంటున్నావని మాత్రం అడగండి. సెన్సార్లు, బోర్డులు, తూకం మెషీన్ అంటే సంతోషంగా ఇవ్వండి. "రెడీమేడ్ ప్రాజెక్టు" అంటే నాలుగేళ్ల ఫీజు కట్టి, చివర్లో ఆ చదువుని వేరేవాళ్లతో చేయిస్తున్నట్టు.

విద్యార్థులకైతే ఒకటే. పని చేయని సర్క్యూట్ ముందు రాత్రంతా కూర్చున్నవాడికి అది ఎందుకు పని చేయలేదో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో అడిగేది కూడా దాదాపు అదే. చిన్న ప్రశ్న తీసుకోండి, సరిగ్గా కొలవండి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే సెమిస్టర్‌లో వాట్సాప్ గ్రూప్‌లో ఎవరైనా "ప్రాజెక్టు ఎక్కడ తీసుకుంటున్నారు?" అని అడిగితే ఈ పేజీ లింక్ పంపండి.